ఎర్రరాయి దిగొచ్చే దారిలో... అరకు దాకా!

'అరకు వెళ్దామా నాన్నా?' అని ఎప్పుడడిగినా మా నాన్న ఒకటే మాట అనేవారు. 'ఆ రైలు లైను నాకు తెలియనిదేంటి?' అని. నిజానికి ఆయన ఆ రైలు ఒక్కసారి కూడా ఎక్కలేదు. కానీ ఆ లైను మీద దిగొచ్చిన రాయిని మాత్రం ఇరవై ఎనిమిదేళ్లు చూశారు. విశాఖ ఉక్కు కర్మాగారంలో ముడిసరుకు యార్డులో ఆయన ఉద్యోగం. రైళ్లలో వచ్చిన ఇనుప ఖనిజాన్ని టిప్లర్లు వ్యాగన్లతో సహా ఎత్తి బోర్లిస్తుంటే పక్కన నిలబడి చూసుకోవడం ఆయన పని. షిఫ్టు దిగి ఇంటికొస్తే చొక్కా కాలరు, చెవుల వెనక, చెప్పుల్లో... అంతా ఎర్రటి పొడే. ఆ చొక్కాలు ఉతకలేక అమ్మ రోజూ విసుక్కునేది.

'ఈ మట్టి ఎక్కడి నుంచి వస్తుందో ఒక్కసారి ఆ దారంట వెళ్లి చూడాలి' అని అప్పుడప్పుడూ అనేవారు నాన్న. షిఫ్టులతో కుదర్లేదు. తర్వాత మా చదువులతో, చెల్లి పెళ్లితో కుదర్లేదు. రిటైరయ్యాక మోకాళ్లు మొరాయించాయి. సంక్రాంతి తర్వాత ఆపరేషన్ చేద్దామన్నారు డాక్టరు. 'ఆపరేషన్‌కి ముందే వెళ్లొచ్చేద్దాం' అని ఈసారి ఆయనే అన్నారు. అంతే, మరో మాట లేకుండా డిసెంబరులో ఓ ఉదయం బయల్దేరాం. అమ్మ, నాన్న, మా ఆవిడ, నేను, పిల్లలిద్దరూ.

నాలుగు టికెట్లు... ఆరుగురు మనుషులు

విశాఖ నుంచి కిరండూల్ వెళ్లే రైలు తెల్లారి ఏడింటి లోపే కదులుతుంది. దీనికి అద్దాల పెట్టె తగిలించిన దగ్గర్నుంచీ, అంటే 2017 ఏప్రిల్ నుంచీ, గిరాకీ బాగా పెరిగింది. పైకప్పుకీ పక్కలకీ పెద్ద పెద్ద అద్దాలు, ఎటు కావాలంటే అటు తిరిగే సీట్లు. పిల్లలు ఆ పెట్టెలోనే ఎక్కాలని పట్టుబట్టారు. ఆలస్యంగా మేల్కొన్న పాపానికి మాకు దొరికినవి నాలుగు టికెట్లే. 'అద్దాల్లో కూర్చుంటే గాలేం వస్తుందిరా? నేను మామూలు పెట్టెలోనే వస్తాను' అని నాన్న తనంతట తానే తప్పుకున్నారు. ఆయనకు తోడుగా నేను. పులిహోర డబ్బా మాకిచ్చి, ఇడ్లీలూ కారప్పొడీ తనవైపు ఉంచుకుంది అమ్మ.

సింహాచలం కొండ వెనకబడింది. పెందుర్తి దాటి కొత్తవలస చేరాం. చెన్నై-హౌరా ప్రధాన మార్గాన్ని వదిలి మా రైలు కొండలవైపు తిరిగేది ఇక్కడే. అందుకే దీనికి కొత్తవలస-కిరండూల్ లైను, పొట్టిగా కేకే లైను అని పేరు. మల్లివీడు, లక్కవరపుకోట, శృంగవరపుకోట... అరటి తోటలు, జీడిమామిడి తోటలు, కోతలైన వరి మళ్లు. బొడ్డవర దగ్గరికొచ్చేసరికి ఎదురుగా తూర్పు కనుమలు గోడ కట్టినట్టు నిలబడ్డాయి. 'దీన్ని రైలెలా ఎక్కుతుంది నాన్నా?' అని పక్క సీటు కుర్రాడు వాళ్ల నాన్నని అడుగుతున్నాడు. నాకూ అదే అనుమానం!

దొరల కోసం కాదు... రాయి కోసం

మన దేశంలో కొండ రైళ్లంటే చటుక్కున గుర్తొచ్చేవి మూడు. డార్జిలింగ్ రైలు 1881లో వచ్చింది. సిమ్లాది 1903లో. ఊటీకి 1908లో. మూడూ తెల్లదొరల కాలం నాటివే. ఎండలకు తాళలేక కొండెక్కాలనుకున్న దొరల అవసరం వాటిని పుట్టించింది. మూడూ సన్నటి పట్టాల మీద నడిచే చిన్న బళ్లే.

అరకు రైలు కథ వేరు. ఇది ఎవరో చల్లగా గడపడానికి వేసింది కాదు. రాయి కోసం వేసింది. బస్తర్ అడవుల్లో బైలదిల్లా అనే కొండల వరస ఉంది. ఎద్దు మూపురంలా ఉంటుందని దానికా పేరు. ఆ కొండల నిండా మేలు రకం ఇనుప ఖనిజమే. యుద్ధంలో చితికిపోయి మళ్లీ లేచి నిలబడుతున్న జపాన్‌కు అప్పట్లో ఉక్కు కావాలి. ఉక్కుకు ఖనిజం కావాలి. 1960లో మన దేశంతో ఒప్పందం కుదుర్చుకుంది. గనులు తవ్వాలి, ఖనిజాన్ని కొండలు దాటించి విశాఖ రేవుకు చేర్చాలి, అక్కడ ఓడలకెత్తాలి. ఈ మూడింటినీ కలిపే తాడే కేకే లైను. పొడవు 445 కిలోమీటర్ల పైమాటే. 1960లలో కొండలు తొలిచి, లోయల మీద వంతెనలు కట్టి పూర్తి చేశారు. మొత్తం మార్గంలో 58 సొరంగాలున్నాయి. బరువైన ఖనిజం మోయాలి కాబట్టి చిన్న పట్టాలు కుదరవు. అందుకే ఇంత ఎత్తైన కొండల్లోనూ బ్రాడ్‌గేజ్ లైనే వేశారు. 1968లో బైలదిల్లాలో జాతీయ ఖనిజాభివృద్ధి సంస్థ తవ్వకం మొదలుపెట్టింది. పెద్ద పెద్ద ఓడలు రావడానికి 1976లో విశాఖలో ఔటర్ హార్బర్ సిద్ధమైంది.

అంటే కొండ మీద మనుషులు కిందికి రావడానికో, కింది మనుషులు పైకి పోవడానికో కాదు ఈ దారి. రాయి వెళ్తున్న దారిలో మనుషులకూ ఓ బండి వేశారు, అంతే!

'సగమే నింపారేంటి?'

శివలింగపురంలో మా రైలు ఆగింది. ఆగి కదల్లేదు. పది నిమిషాలైంది. 'ఎందుకాగిందో?' అని ఎవరో విసుక్కున్నారు. నాన్న మాత్రం కిటికీ లోంచి తల బయటపెట్టి పైకి చూస్తున్నారు. 'లోడు దిగుతోంది' అన్నారు మెల్లగా. ఆయన చెవికి ముందే తెలిసిపోయింది.

ముందు ఇంజిన్లొచ్చాయి. వాటి వెనక వ్యాగన్లు... ఒకటి, పది, ఇరవై... అంచుల మీద ఎర్రటి పొడి. నెమ్మదిగా, చక్రాలు కీచుమంటూ దిగుతోంది. యాభై దాటాక నేను లెక్క మర్చిపోయాను. పక్క సీటు కుర్రాడు అడిగాడు. 'తాతగారూ, పెట్టెలు సగమే నింపారేంటండీ?'

నాన్న మొహం వెలిగిపోయింది. 'బొగ్గయితే నిండా నింపుతారు బాబూ. ఇది ఇనుపరాయి. బరువెక్కువ. నిండా నింపితే కింద ఇరుసు తట్టుకోదు. చూడ్డానికి సగమే, తూకానికి మాత్రం పూర్తి లోడే' అని చెప్పారు. ఆ కుర్రాడితో పాటు వాళ్ల నాన్న కూడా చెవులు రిక్కించి విన్నారు. ఈ లోడు లాగడం కోసమే ఎనభైల చివర్లో జపాన్ నుంచి హిటాచి ఇంజిన్లు తెప్పించారని, అవి విశాఖ షెడ్డులోనే ఉండేవని కూడా చెప్పారు. ఇరవై ఎనిమిదేళ్ల ఉద్యోగం గురించి ఇంట్లో ఏ రోజూ ఇంతసేపు మాట్లాడిన మనిషి కాదాయన!

ఎర్రబండి వెళ్లిపోయాక మాకు పచ్చజెండా వచ్చింది. అక్కడి నుంచి అసలు కొండ మొదలు. త్యాడ, చిమిడిపల్లి... ఒక వంపులో రైలు ముందు భాగం కనిపిస్తే, మరో వంపులో తోక కనిపిస్తుంది. కిందికి చూస్తే ఇందాక మేం వచ్చిన పట్టాలే లోయ అవతల దారప్పోగులా కనిపిస్తాయి. ఒక సొరంగంలోకి దూరగానే రైలంతా కేకలు. బయటపడగానే నవ్వులు. 'డాడీ... పన్నెండు!' అని ఫోను చేసింది మా పాప. సొరంగాల లెక్కట. నేను బదులిచ్చేలోపే మరో సొరంగం, సిగ్నల్ గాయబ్!

ఆ తల్లి చెప్పిన మాట

మా ఎదురు సీట్లో ఒక పెద్దావిడ. ఒళ్లో ఐదారేళ్ల మనవడు. చేతికి ఇంకా సూది తాలూకు పట్టీ ఉంది. విశాఖ పెద్దాసుపత్రిలో వారం రోజులుండి ఇంటికెళ్తున్నారట. నాన్న పులిహోర డబ్బా తెరిచి ముందు ఆ పిల్లాడికే పెట్టారు. మాట కలిసింది.

'మీ ఊరికి రోడ్డుందామ్మా?' అడిగారు నాన్న.

'టేషన్ దాకా రోడ్డు నేదు బాబూ. జబ్బు సేస్తే డోలీ కట్టి మోసుకొత్తారు. బండొత్తే ఎక్కుతాం.'

'బండి ఆలస్యమైతే?'

'కూకుంటాం.' అని నవ్విందామె. 'ఎర్రరాయి బండి ఎక్కడా ఆగదు బాబూ. రాత్రీ పగలూ తిరుగుతానే ఉంటది. ఆగేది మన బండే.'

కోపంగా అన్న మాట కాదది. ఎండ కాస్తోంది, వాన కురుస్తోంది అన్నట్టు అంది. తర్వాతి స్టేషన్లో మనవణ్ని చంకనేసుకుని దిగిపోయింది. పట్టాల పక్కన కాలిబాటలో చెట్ల మధ్యకి వెళ్లిపోయేదాకా నాన్న అటే చూస్తూ ఉండిపోయారు. 'నేను లోడు రాలేదని ఎన్నిసార్లు తిట్టుకున్నానో రా. ఆ లోడు కోసం ఇక్కడ ఎవరో ఆగుంటారని ఒక్కరోజూ అనుకోలేదు' అన్నారు కాసేపటికి.

వానాకాలంలో ఈ లైను మీద కొండచరియలు విరిగిపడ్డాయనీ, రైళ్లు ఆగిపోయాయనీ పేపర్లో చదువుతుంటాం. మనకది సెలవు రోజు ప్రయాణం వాయిదా. ఆమెలాంటివాళ్లకి ఆసుపత్రి వాయిదా. కొత్తవలస-కొరాపుట్ మధ్య రెండో లైను మంజూరై పనులు నడుస్తున్నాయి. అది పూర్తయితే మనుషుల బండి ఆగడం తగ్గాలి. తగ్గించాలి కూడా!

కొండ ఇచ్చినవి

బొర్రా గుహల స్టేషన్లో సగం రైలు ఖాళీ అవుతుంది. సున్నపురాతి కొండను గోస్తనీ నది నీళ్లు యుగాల పాటు కరిగించి మలిచిన గుహలివి. పైనుంచి వేలాడే రాతి ఊడలు, కింద నుంచి లేచే రాతి స్తంభాలు. విచిత్రమేమిటంటే మన రైలు పట్టాలు ఆ గుహల మీదుగానే వెళ్తాయి. ఈ గోస్తనీయే కొండ దిగి తాటిపూడి జలాశయం నింపి, భీమిలి దగ్గర సముద్రంలో కలుస్తుంది. తాటిపూడి నీళ్లు విశాఖ తాగుతుంది. అంటే మా ఊరి కొళాయిలో నీళ్లు, మా ఊరి కొలిమిలో రాయి... రెండూ ఈ దారినే దిగాయన్నమాట.

ఆ కొలిమి కూడా ఊరికే రాలేదు. 'విశాఖ ఉక్కు ఆంధ్రుల హక్కు' అంటూ 1966లో రాష్ట్రమంతా రగిలింది. టి.అమృతరావు నిరాహార దీక్షకు కూర్చున్నారు. కాల్పుల్లో 32 మంది ప్రాణాలు పోయాయి. 1970లో కర్మాగారం ప్రకటన వచ్చింది. 1971 జనవరి 20న ఇందిరాగాంధీ శంకుస్థాపన చేశారు. మొదటి బ్లాస్ట్ ఫర్నేసు 'గోదావరి' 1990లో వెలిగింది. రెండోది 'కృష్ణ'. 1992లో కర్మాగారాన్ని జాతికి అంకితం చేశారు. అన్నీ ఉన్నాయి కానీ సొంత ఇనుప గని ఒక్కటి లేదు. 'పొలం లేని రైతులాంటిదిరా మా ప్లాంటు. విత్తనం దగ్గర్నుంచీ కొనుక్కోవాల్సిందే' అంటారు నాన్న. నష్టాలు పేరుకుని, 2021 జనవరిలో కర్మాగారాన్ని పూర్తిగా ప్రైవేటుపరం చేయాలని కేంద్రం సూత్రప్రాయంగా నిర్ణయించినప్పుడు ఆయన రెండ్రోజులు సరిగా అన్నం తినలేదు. ఉద్యోగులు రోడ్డెక్కారు. 2025 జనవరిలో 11,440 కోట్ల రూపాయల ప్యాకేజీ ప్రకటించారు. 'ఊపిరి పోశారు. గని కూడా ఇస్తే లేచి నడుస్తుంది' అన్నారు నాన్న ఆ రోజు.

శిఖరం మీద ఆరుగురం

కరకవలస దాటాక చలి మొదలైంది. ఆ తర్వాత వచ్చింది శిమిలిగుడ. స్టేషన్ బోర్డు మీద ఎత్తు రాసి ఉంటుంది. సముద్ర మట్టానికి 996.32 మీటర్లు. ఒకప్పుడు దేశంలోని బ్రాడ్‌గేజ్ స్టేషన్లన్నిటిలోకీ ఎత్తైనది ఇదే. కశ్మీర్ లోయలో రైళ్లు నడవడం మొదలయ్యాక ఆ కిరీటం అక్కడికి వెళ్లింది. అయినా తెల్లారి సముద్రం పక్కన ఎక్కినవాళ్లం, పది దాటకుండానే దాదాపు కిలోమీటరు ఎత్తుకి చేరామంటే మాటలా! బైలదిల్లా నుంచి వచ్చే లోడు కూడా అరకు వైపు నుంచి ఇక్కడిదాకా ఎక్కాల్సిందే. ఎక్కడానికి ఇంజిన్ల బలం, ఇక్కడి నుంచి దిగడానికి బ్రేకుల బలం.

అద్దాల పెట్టెలోంచి పిల్లలు, అమ్మ దిగి పరిగెత్తుకుంటూ వచ్చారు. బోర్డు దగ్గర ఆరుగురం నిలబడి ఫోటో తీయించుకున్నాం. ఈలోగా నాన్న పట్టాల వైపు వంగి ఏదో తీశారు. చూస్తే, గోలీకాయంత ఎర్రటి రాయి. వ్యాగన్లోంచి జారిపడినట్టుంది. తుడిచి జేబులో వేసుకున్నారు.

అమ్మ ఊరుకుంటుందా? 'ఇరవై ఎనిమిదేళ్లు చొక్కాలకి పూసుకొచ్చింది చాల్లేదా? ఇక్కడ కూడా ఏరుకోవాలా?' అంది. పిల్లలు పగలబడి నవ్వారు. నాన్న కూడా నవ్వారు. రాయి మాత్రం జేబులోంచి తీయలేదు.

అరకులో ఒక పూట

శిమిలిగుడ దాటాక రైలు కాస్త దిగి అరకు లోయ చేరుతుంది. డిసెంబరులో వెళ్తే పొలాల నిండా వలిసె పూలు. పసుపు చీరలు ఆరేసినట్టుంటుంది లోయంతా. గిరిజన మ్యూజియంలో పిల్లలు గంటన్నర కదల్లేదు. వ్యవసాయ పనిముట్లు, వేట ఆయుధాలు, పెళ్లితంతు బొమ్మలు... అన్నీ వాళ్లకి కొత్తే. రెండో ప్రపంచ యుద్ధంలో సైనికులకు కూరగాయలు పండించడానికి మొదలైన పద్మాపురం తోట ఇప్పుడు పూలతోట. అరకు కాఫీకి 2019లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. సిల్వర్ ఓక్ చెట్ల నీడన కాఫీ మొక్కలు, ఆ చెట్లకే పాకిన మిరియాల తీగలు... ఆ నీడలో నిలబడి వేడివేడి కాఫీ తాగడం ఒక అనుభవం. వెదురు బొంగులో కాల్చిన కోడి తినకుండా మాత్రం రాకండి. మా అబ్బాయి బొంగు కూడా ఇంటికి తెచ్చాడు!

తిరుగు ప్రయాణం జీపులో. గాలికొండ వ్యూ పాయింట్, అనంతగిరి కాఫీ తోటలు, మధ్యలో బొర్రా గుహలు చూసుకుంటూ ఘాట్ రోడ్డు దిగి శృంగవరపుకోట మీదుగా రాత్రికి విశాఖ చేరాం. గుహల్లో మెట్లు ఎక్కువ. మోకాళ్ల నొప్పులున్న పెద్దవాళ్లని పైనే కూర్చోబెట్టడం మంచిది. నాన్న అలాగే పైన కూర్చున్నారు.

వెళ్లాలనుకునేవాళ్లకి మూడు మాటలు. విశాఖ నుంచి అరకుకి రైల్లో దాదాపు 130 కిలోమీటర్లు, నాలుగు గంటల పైచిలుకు ప్రయాణం. అద్దాల పెట్టె కావాలంటే వీలైనంత ముందుగా టికెట్లు తీసుకోవాలి. నవంబరు నుంచి ఫిబ్రవరి దాకా స్వెట్టర్లు తప్పనిసరి. మామూలు పెట్టెలో వెళ్తే డబ్బాలో ఇంకో ఇద్దరికి సరిపడా తిండి పెట్టుకోండి. ఎదుటి సీట్లో ఎవరొచ్చి కూర్చుంటారో తెలియదు. మేం మాత్రం ఈసారి ఆరు టికెట్లూ మామూలు పెట్టెలోనే తీసుకోవాలనుకుంటున్నాం.

నాన్న ఆపరేషన్ అయింది. ఇప్పుడు చేతికర్ర పట్టుకుని వీధి చివరిదాకా నడుస్తున్నారు. ఆ ఎర్రరాయి టీవీ పక్కన అమ్మ వెంకటేశ్వరస్వామి బొమ్మ దగ్గరుంది. అక్కడెవరు పెట్టారని అడిగితే నాన్న నాకు తెలియదంటారు. అమ్మ మాత్రం రోజూ పొద్దున్నే బొమ్మతో పాటు దాన్నీ తుడుస్తోంది.